బావమరిది డిసెంబర్‌లో వస్తున్నాడు, ఈలోగా ఏ కెమెరా కొనాలి?

అరిజోనాలోని చాండ్లర్ నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, కుదించి చెబుతాను. రాసినాయనకు 33 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా, పెళ్లై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట ఆఫీసువాళ్లతో సరదాగా స్కైడైవింగ్‌కి ఎలాయ్ వెళ్లి, శిక్షకుడికి పట్టీలతో కట్టుకుని విమానంలోంచి దూకే టాండెమ్ జంప్ ఒకటి చేశారు. దిగేసరికి కాళ్లు వణుకుతున్నాయట, నోరు మాత్రం "మళ్లీ ఎప్పుడు?" అని అడిగిందట. ఆ తర్వాత కోర్సు చేసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత రిగ్ (వీపుకు కట్టుకునే పారాషూట్ సామాను) కొనుక్కున్నారు. ఇప్పటికి 164 జంపులు. రాజమండ్రిలో అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియదు. ఆదివారం ఫోన్ చేసి ఎక్కడున్నావురా అంటే గుడికొచ్చాం అని చెబుతున్నారు.

ఇప్పుడు ఆయనకు ఆకాశంలో ఫోటోలు తీయాలని ఉంది. వీడియో కాదు, ఫోటోలే. బడ్జెట్ 1,500 డాలర్లు. సలహాలకు కొదవ లేదు. డ్రాప్ జోన్‌లో (జంపులు చేసే చోట) ఒక సీనియర్ తన పాత ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా కెనాన్ 5డి మార్క్ 2, దానికి 17-40 లెన్స్, తలకు పెట్టుకునే కెమెరా హెల్మెట్ కలిపి 900కి ఇస్తానంటున్నాడు. "ఫుల్ ఫ్రేమ్ చూశాక ఇంకేదీ ఆనదు" అని ఆయన మాట. ఇంకో స్నేహితుడు గోప్రో అనే చిన్న వీడియో కెమెరా చాలు, వీడియోలోంచి ఫ్రేమ్ తీసుకుంటే అదే ఫోటో అంటున్నాడు. ఆఫీసులో పెళ్లిళ్ల ఫోటోలు తీసే కుర్రాడు సోనీ ఏ6000 కొనమన్నాడు. ఈలోగా విశాఖపట్నం నుంచి బావమరిది డిసెంబర్‌లో వస్తున్నాడు. టాండెమ్ జంప్ చేస్తాడట, "ఫోటోలు మా బావే తీస్తాడు" అని ఊరంతా చెప్పేశాడట. అలవాటయ్యాక వారాంతాల్లో టాండెమ్‌లు షూట్ చేస్తే కెమెరా డబ్బులు వచ్చేస్తాయన్న లెక్క కూడా ఉత్తరంలో ఉంది. భార్య జంపులకు ఎప్పుడూ అడ్డు చెప్పలేదు కానీ కెమెరా మాటెత్తగానే ఒకటే అడిగారట: "నువ్వు ఫోటో చూసుకుంటూ ఉంటే నీ ఎత్తు ఎవరు చూస్తారు?"

చివరి పేజీ అడుగున, సంతకానికి పైన, రెండు లైన్లు. "ఒక మాట దాచకూడదు అన్నగారూ. హెల్మెట్‌కి గోప్రో అంటించుకుని ఇప్పటికే మూడు జంపులు చేశాను, ఎవరూ అడగలేదు. మూడోసారి ఫ్రెండ్ మొహం ఫ్రేమ్‌లో ఉంచుదామని చూస్తుంటే ఆడిబుల్ (ఎత్తు తగ్గాక చెవి దగ్గర బీప్ కొట్టే పరికరం) మోగింది. ఆ ఎత్తు ఎప్పుడొచ్చిందో నాకు తెలీలేదు."

*

ఉత్తరాన్ని నేను అడుగు నుంచి పైకి చదువుతాను, ఏమీ అనుకోకండి. మీరు మొదట అడిగింది కెమెరా గురించి. చివర రాసింది దాని గురించే, కాకపోతే ఇంకో వైపు నుంచి.

పొట్ట కిందికి పెట్టి పడేటప్పుడు మన వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. అంటే అయిదు సెకన్లలో దాదాపు 900 అడుగులు. నేల మీద ఒక మంచి ఫోటో కోసం అయిదు సెకన్లు తల అటూ ఇటూ వంచి చూడటం ఒక లెక్కా? అక్కడ అదే అయిదు సెకన్లు తొమ్మిది వందల అడుగులు మింగేస్తాయి. పదమూడున్నర వేల అడుగుల నుంచి దూకితే మన చేతిలో ఉండేదే అటూ ఇటూగా ఒక నిమిషం. మూడో జంప్‌లో మీకు జరిగింది అదే. ఆడిబుల్ మోగింది కాబట్టి సరిపోయింది. ఆడిబుల్ బ్యాటరీ అయిపోయిన రోజులూ ఉంటాయి, చెవిలో గాలి హోరుకి బీప్ వినపడని రోజులూ ఉంటాయి.

మీ ఆవిడ ఎప్పుడూ దూకలేదన్నారు. కానీ ఉత్తరం మొత్తంలో అసలు ప్రశ్న ఆమెదే. ఆ ప్రశ్న ఎంత పాతదో చెప్పడానికి ఒక సంఘటన. 1988 ఏప్రిల్‌లో, నార్త్ కరోలినాలోని లూయిస్‌బర్గ్‌లో, 800కు పైగా జంపులు చేసిన ఒక కెమెరామన్ విద్యార్థుల వీడియో తీస్తూ వాళ్లతో పాటు విమానంలోంచి దూకాడు. పారాషూట్ లేకుండా. మర్చిపోయాడు. ఆ రోజుల్లో వీడియో సామాను బరువుగా ఉండేది, ఆ బరువు ఒంటి మీద ఉండటంతో రిగ్ లేదన్నది తట్టలేదేమో అనుకున్నారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అతను కొత్తవాడు కాదు, అజాగ్రత్త మనిషీ కాదు. కెమెరా మన బుర్రలో ఎంత చోటు ఆక్రమిస్తుందో నాకు తెలిసిన మేరకు ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ లేదు.

అమెరికా పారాషూట్ అసోసియేషన్ కెమెరా పెట్టుకోవడానికి సీ లైసెన్స్ ఉండాలని సిఫారసు చేస్తుంది. అంటే కనీసం 200 జంపులు. గోప్రో కూడా కెమెరానే. చిన్నది కదా అని దానికి మినహాయింపు లేదు. నిజానికి కొత్తవాళ్లు మోసపోయేది దాని చిన్నతనం చూసే. మీకింకా 36 జంపులున్నాయి. మీరు నెలకు ఎనిమిది చేస్తున్నానని రాశారు, అంటే నాలుగున్నర నెలలు. ఈ 36 జంపుల్లో మీరు చేయగల పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ప్రతి జంప్‌లో ఒక ఫ్రెండ్‌ని "ఫోటో తీస్తున్నట్టు" ఫ్రేమ్‌లో పెట్టుకోండి, కెమెరా లేకుండా. అతని ముందుకు వెళ్లి, పది అడుగుల దూరంలో, అతని కళ్లకు మీ కళ్లు సమానంగా ఉండేలా నిలవండి. చేతిని తిప్పి ఆల్టిమీటర్ చూడకుండానే ఎత్తు ఎంతో మనసులో అనుకుని, తర్వాత చూసి సరిపోల్చుకోండి. మొదటి పది జంపుల్లో మీ అంచనా ఎంత తప్పుతుందో చూసి మీరే నవ్వుకుంటారు. ఆ తేడా అయిదొందల అడుగుల లోపుకి వచ్చాక కెమెరా తగిలిస్తే, మీ ఆవిడ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉంటుంది.

ఇప్పుడు కెమెరాల సంగతి.

5డి మార్క్ 2 మంచి కెమెరా. 2008లో వచ్చింది, 21 మెగాపిక్సెల్. దాంతో తీసిన పెళ్లి ఫోటోలు మన ఇళ్ల గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. కానీ దాని బాడీ ఒక్కటే 810 గ్రాములు. బ్యాటరీ, ఆ లెన్స్ కలిస్తే 1.4 కిలోలకు కాస్త తక్కువ. హెల్మెట్ బరువు ఇందులో లేదు. సోనీ ఏ6000 బ్యాటరీ, కార్డుతో సహా 344 గ్రాములు. దానికి 16 మిల్లీమీటర్ల చిన్న లెన్స్ ఉంది, 67 గ్రాములు, బిస్కెట్ అంత. మొత్తం 411.

విమానంలో కూర్చున్నప్పుడు ఈ తేడా తెలియదు. పడుతున్నప్పుడూ పెద్దగా తెలియదు. క్యానపీ, అంటే పారాషూట్ గుడ్డ, తెరుచుకునేటప్పుడు తెలుస్తుంది. మామూలుగా, మెత్తగా తెరుచుకున్నా ఒక క్షణం పాటు మన బరువు మూడు నాలుగు రెట్లవుతుంది. నాలుగు రెట్లు అనుకుందాం. ఏ6000 మీ మెడ మీద 1.6 కిలోలు అవుతుంది. 5డి అయిదున్నర కిలోలు. ఆ క్షణంలో మీరు పైకి చూస్తూ క్యానపీ బాగా తెరుచుకుందా లేదా అని తల వెనక్కి వంచి ఉంటారని మర్చిపోకండి. గట్టిగా తెరుచుకున్న రోజు లెక్క ఇంకోలా ఉంటుంది. నా మెడ ఎడమవైపు ఇప్పటికీ చలికాలం పట్టేస్తుంది. హెల్మెట్‌కి పక్కన కెమెరా తగిలించుకుని తిరిగిన రోజుల గుర్తు అది. పక్కన పెడితే తల మీద ఎత్తు తగ్గుతుంది కానీ, తెరుచుకున్నప్పుడు తలను ఒక వైపు మెలిపెడుతుంది. నెత్తి మీద పెడితే మెలి ఉండదు, పారాషూట్ తాళ్లకు తగులుకునే అవకాశం పెరుగుతుంది. రెండింట్లో ఏదీ ఉచితం కాదు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు నేనైతే నెత్తి మీదే, వీలైనంత అంటుకుపోయేట్టు పెట్టమంటాను.

ఫుల్ ఫ్రేమ్ ఎక్కడ అవసరమవుతుంది? చీకట్లో. మీరు దూకేది అరిజోనా ఎండలో. ఎఫ్8 అపర్చర్, సెకనులో వెయ్యో వంతు షటర్ పెట్టినా ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) రెండు మూడొందలు దాటదు. ఆ వెలుగులో పెద్ద సెన్సర్‌కీ చిన్న సెన్సర్‌కీ ఉన్న తేడా మీ ఫ్రెండ్ తన ఫోన్‌లో ఫోటో చూసుకున్నప్పుడు కనపడదు.

ఇక్కడ చిన్న లెక్క చూపిస్తాను, ఎందుకంటే ఆఫీసులో పెళ్లి ఫోటోల కుర్రాడు ఆటో ఫోకస్ గురించి చాలా చెప్పి ఉంటాడు. 16 మిల్లీమీటర్ల లెన్స్‌ని ఆ సైజు సెన్సర్ మీద ఎఫ్8లో పెట్టి, ఫోకస్ సుమారు 1.6 మీటర్ల దగ్గర ఆపితే, 0.8 మీటర్ల నుంచి ఆకాశం చివర దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అంటే రెండున్నర అడుగుల నుంచి. మీ ఫ్రెండ్ అంతకన్నా దగ్గరకు వచ్చాడంటే సమస్య ఫోకస్‌ది కాదు, గుద్దుకోబోతున్నారు. కాబట్టి ఆటో ఫోకస్ ఎంత వేగంగా ఉందన్నది మన పనిలో అక్కర్లేని ప్రశ్న. పైగా నీలి ఆకాశాన్ని చూపిస్తే పట్టుకోవడానికి ఏమీ దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ కూర్చుంటుంది. మాన్యువల్‌లో పెట్టండి. ఒక చెప్పును అయిదు అడుగుల దూరంలో పెట్టి దాని మీద ఫోకస్ చేసుకోండి. ఒక్క జాగ్రత్త, ఈ రకం లెన్స్‌లు ఎలక్ట్రానిక్‌గా ఫోకస్ అవుతాయి, కెమెరా నిద్రపోయి లేచాక ఆ చోటు మారిపోవచ్చు. పవర్ సేవ్‌ని 30 నిమిషాలకు పెట్టుకుని, డోర్ తెరిచే ముందు ఒకసారి ఫోటో తీసి చూసుకోండి.

అదే లెన్స్ వెడల్పు కూడా చెబుతాను. పది అడుగుల దూరంలో ఫ్రేమ్ వెడల్పు దాదాపు పద్నాలుగున్నర అడుగులు వస్తుంది. ఇద్దరు మనుషులు చేతులు చాపుకుని పడుతున్నా పడతారు. మూలలు మెత్తగా వస్తాయని ఫోటోగ్రాఫర్లు ఆ లెన్స్‌ని ఈసడిస్తారు. మన మూలల్లో నీలం తప్ప ఏముంటుంది? కెమెరాతో పాటు వచ్చే 16-50 జూమ్‌ని మాత్రం గాల్లోకి తీసుకెళ్లొద్దు. ఆన్ చేస్తే బయటికి పొడుచుకొస్తుంది, ఆ గొట్టం గాలి దెబ్బకు నిలిచే రకం కాదు. దాన్ని పారేయకండి, డిసెంబర్‌లో పనికొస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

సెకనుకు ఎన్ని ఫోటోలన్న లెక్క కూడా పక్కన పెట్టండి. ఏ6000 సెకనుకు 11 తీస్తుందని అందరూ చెబుతారు. సెకనుకు మూడు తీసినా నిమిషానికి 180 అవుతాయి. ఇంటికొచ్చి 180లో ఆరు ఏరుకోవడమే పెద్ద పని.

మరి గోప్రో ఫ్రేమ్ చాలన్న ఫ్రెండ్? అతని మాటలో సగం నిజం ఉంది. 4కే వీడియోలో ఒక ఫ్రేమ్ ఎనిమిది మెగాపిక్సెల్‌కి కాస్త పైన. ఫోన్‌లో చూసుకోవడానికి, పోస్ట్‌కార్డు సైజు ప్రింట్‌కి హాయిగా సరిపోతుంది. ఎండలో షటర్ దానంతటదే వేగం పుంజుకుంటుంది కాబట్టి ఫ్రేమ్ చెదరదు కూడా. అసలు ఇబ్బంది దాని లెన్స్ మరీ వెడల్పుగా ఉండటం. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి అగ్గిపుల్లంత కనపడతాడు. మొహం నిండుగా రావాలంటే మీరు నాలుగడుగుల దగ్గరకు వెళ్లాలి. నాలుగడుగుల దగ్గర పడుతూ ఉండటం 200 జంపుల మనిషికి తేలిక కాదు. మీ మూడో జంప్‌లో ఆ మొహం ఫ్రేమ్‌లో ఉంచడానికి అంత కష్టపడింది బహుశా అందుకే. అయినా 200 దాటాక మొదటి ఇరవై కెమెరా జంపులు గోప్రోతోనే చేస్తానంటే నేను కాదనను. బరువు లేదు, స్విచ్ లేదు, ఆన్ చేసి మర్చిపోవచ్చు. మీరు ఎక్కడ ఎగురుతున్నారో ఇంటికొచ్చి చూసుకోవచ్చు. ఆ వీడియోల్లో మీ ఫ్రెండ్ సగం సమయం ఫ్రేమ్‌లోనే లేడని తేలితే, ఫోటోల కెమెరాకు ఇంకా టైముంది.

కొత్తది కొందామనుకుంటే రెండు చూసుకోండి. ఒకటి, తీగతో షటర్ నొక్కే దారి ఉందా అని. ఈమధ్య చిన్న కెమెరాల్లో కొన్ని ఆ సాకెట్ తీసేసి బ్లూటూత్ ఒక్కటే ఉంచుతున్నాయి, మన స్విచ్‌లు వాటికి తగలవు. రెండోది, యాంత్రిక షటర్ ఉందా అని. సోనీ జడ్‌వీ-ఈ10 రెండో తరంలో అది లేదు, ఎలక్ట్రానిక్ షటర్ మాత్రమే. అలాంటి దాంతో మీ తల ఒక్కసారి తిరిగిందంటే హొరైజన్ వంకరపోయి, విమానం అరటికాయలా వంగి వస్తుంది. అది చూసి అబ్బా ఎఫెక్ట్ భలే ఉందే అనుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లను వదిలేద్దాం.

స్విచ్ గురించి ఒక ముచ్చట. రెండు చేతులూ ఎగరడానికి కావాలి కదా, అందుకని షటర్‌ని పళ్లతో నొక్కుతాం. చిన్న రబ్బరు ముక్కలాంటిది, తీగ చివర ఉంటుంది, దవడ పళ్ల మధ్య పెట్టుకుని కొరికితే ఫోటో పడుతుంది. నా మొదటి కెమెరా జంప్‌లో దాన్ని విమానం నేల మీదుండగానే నోట్లో పెట్టుకుని, టెన్షన్‌తో పళ్లు నూరుతూ కూర్చున్నాను. దిగాక కార్డు తీసి చూస్తే 412 ఫోటోలు. అన్నీ నా మోకాళ్లే. బయటికి దూకేసరికి కార్డు నిండిపోయింది. అప్పటి కార్డులు చిన్నవి, మీవి నిండవు. కానీ ఎక్కే ముందు నోట్లో పెట్టుకోకండి, డోర్ లైటు వెలిగాక పెట్టుకోండి. తీగ గడ్డం పక్క నుంచి హెల్మెట్‌కి అంటుకుని వెళ్లాలి, ఎక్కడా వేలు దూరే సందు ఉండకూడదు.

వేలు దూరే చోట తాడు దూరుతుంది. మీ డబ్బులో ఎక్కువ భాగం కెమెరాకి కాకుండా హెల్మెట్‌కి పెట్టమని నేను చెప్పేది అందుకే. కెమెరా పాతదైనా ఫర్వాలేదు. పాత ఏ6000, ఆ చిన్న లెన్స్ కలిపి మీ బడ్జెట్‌లో సగం లోపే దొరుకుతాయి. మిగతా సగం మీ తల కొలతకు సరిపోయే కెమెరా హెల్మెట్‌కి, స్విచ్‌కి పెట్టండి. సీనియర్ గారి హెల్మెట్ ఆయన తలకు సరిపోయింది, మీ తలకు సరిపోతుందని ఏముంది? వదులుగా ఉంటే గాలికి ఊగుతుంది, ఫోటోలన్నీ వంకర. దానికన్నా ముఖ్యం గడ్డం పట్టీని ఒక్క లాగుతో వదిలించుకునే ఏర్పాటు. తాడు కెమెరాకు చుట్టుకుంటే హెల్మెట్‌ని వదిలేసి ప్రాణం దక్కించుకోవడానికి ఉండే దారి అది. రిజర్వ్ (రెండో పారాషూట్) లాగే ముందు ఇది తేలాలి. అందుకే ఎమర్జెన్సీ డ్రిల్ మళ్లీ మొదటి నుంచి సాధన చేయాలి. తాడు తగులుకుంటే హెల్మెట్ పట్టీ, కటవే (చెడిన క్యానపీని వదిలేయడం), రిజర్వ్. ఇంట్లో హాల్లో నిలబడి, కళ్లు మూసుకుని, వంద సార్లు.

హెల్మెట్ వచ్చిన రోజు ఒక పని చేయండి. బూటు లేసు ఒకటి విప్పి, కెమెరా, లెన్స్, స్విచ్ తీగ అన్నీ బిగించాక, ఆ లేసుని వెనక నుంచి ముందుకు, పక్క నుంచి పక్కకు, కింద నుంచి పైకి లాగుతూ పోండి. ఎక్కడ ఆగితే అక్కడ టేపు వేయండి. కెమెరాకీ హెల్మెట్ ప్లేట్‌కీ మధ్య సందు, లెన్స్ వెనక అంచు, తీగ ప్లగ్ బయటికి పొడుచుకొచ్చే చోటు, మెడ పట్టీ తగిలించే కొక్కేలు, ఈ నాలుగు చోట్ల ఆగుతుంది. ఏ6000కి తీగ ఎడమ పక్కన తగులుతుంది, ఆ ప్లగ్ మీద తప్పకుండా కప్పు ఉండాలి. లేసు ఎక్కడా ఆగకుండా సబ్బు మీద జారినట్టు జారితే, అప్పుడు డ్రాప్ జోన్‌లో పాత కెమెరావాళ్లలో ఒకరి చేతికిచ్చి, "దీనికి మీరు తాడు ఎక్కడ తగిలిస్తారు?" అని అడగండి. వాళ్లు ఇంకో చోటు చూపిస్తారు.

గురి చూసుకోవడానికి కంటి ముందు పెట్టుకునే రింగ్ సైట్ ఇప్పుడే వద్దు. అది కూడా తగులుకునే వస్తువే. ఇంత వెడల్పు లెన్స్‌కి దాని అవసరమూ లేదు. ఇంట్లో గోడ మీద టేపు ముక్క అంటించి, పది అడుగుల దూరంలో నిలబడి, మెడ ఎగిరేటప్పటి కోణంలో పెట్టి, ఆ టేపు ఫోటో మధ్యలోకి వచ్చేదాకా కెమెరా కోణం సర్ది బిగించేయండి. అంతే. ఎండాకాలం హెల్మెట్‌ని కార్లో వదలకండి, మీ ఊళ్లో ఎండ సంగతి మీకు నేను చెప్పాలా.

సీనియర్ గారి సెట్ కొంటే ఏమవుతుందంటారా? 600 డాలర్లు మిగులుతాయి. ఫోటోలు అద్భుతంగా వస్తాయి, మీ మెడ ఒప్పుకున్నన్నాళ్లు. వంద కెమెరా జంపుల తర్వాత మీకే ఆ బరువు మొయ్యాలనిపిస్తే అప్పుడు కొనండి. ఆ కెమెరా అప్పటికి ఇంకా చవకవుతుంది. కానీ ఆయనను వదులుకోవద్దు. "అన్నా, సెట్ వద్దు గానీ, నా హెల్మెట్ ఒకసారి చూసి పెట్టండి" అని అడగండి. బేరం కుదరకపోయినా ఆయన సంతోషిస్తాడు.

డబ్బు సంపాదన లెక్కకు వస్తే, అక్కడ నా సలహా కెమెరా గురించి కానే కాదు. మీది హెచ్-1బి. మిమ్మల్ని తెచ్చుకున్న కంపెనీకి తప్ప ఇంకెవరికి పని చేసి డబ్బు తీసుకున్నా, వారాంతంలోనైనా, కాంట్రాక్ట్ అన్నా, నగదు అన్నా, అది అనుమతి లేని పని కిందికే వస్తుంది. ఒక్కో టాండెమ్‌కి వచ్చే కొద్ది డాలర్ల కోసం గ్రీన్ కార్డ్ లైన్‌ని పణంగా పెట్టకండి. ఉచితంగా తీస్తే ఫర్వాలేదా, జంప్ టికెట్లు ఇస్తే అది జీతమా అన్న ప్రశ్నలు నన్ను కాదు, మీ ఇమిగ్రేషన్ అటార్నీని అడగండి. అడిగేదాకా ఆ లెక్కని బడ్జెట్‌లోంచి కొట్టేయండి.

ఇక బావమరిది. టాండెమ్‌ని గాల్లో తీయడం మామూలు ఫ్రెండ్‌ని తీయడం లాంటిది కాదు. ఇద్దరు మనుషుల బరువు, దాన్ని ఆపుతూ వెనక డ్రోగ్ అనే చిన్న పారాషూట్. వాళ్ల పైన గాలి చెదిరిపోయి ఖాళీ ఉంటుంది. తెలియక ఆ పైకి వెళితే మీరు నేరుగా వాళ్ల మీద పడతారు. కింద ఉంటే తెరుచుకునే సమయంలో ఇంకో ప్రమాదం. అందుకే టాండెమ్ దగ్గరికి పంపాలంటే డ్రాప్ జోన్‌లు వందల జంపులు, అందులో అనుభవం ఉన్నవాళ్లను తీసిన కెమెరా జంపులు కొన్ని పదులు అడుగుతాయి. డిసెంబర్‌కి మీరు 200 చేరినా ఆ గడప దగ్గరికి కూడా రారు. పైగా పట్టీలతో ఇంకొకరికి కట్టేసి ఉన్నది మీ ఆవిడ తమ్ముడు. ఆ రోజు మీ చూపు అతని మీద ఉంటుంది, ఆల్టిమీటర్ మీద ఉండదు.

బావమరిదితో ఇప్పుడే ఫోన్‌లో చెప్పేయండి, వచ్చాక చెబితే ఇంట్లో గొడవ. "గాల్లో తీసేది అక్కడి కెమెరామన్ రా, నేను కింద తీస్తా" అనండి. కొంచెం ముఖం మాడ్చుకుంటాడు, తర్వాత మర్చిపోతాడు. గాల్లో తీసేందుకు డ్రాప్ జోన్ కెమెరామన్‌ని డబ్బిచ్చి పెట్టుకోండి. డిసెంబర్‌లో అక్కడ జనం ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.

కింద తీయడమంటే చిన్నపని అనుకోకండి. అతను ఫారమ్‌ల మీద సంతకాలు పెడుతూ పేజీలు తిప్పకుండానే తిప్పుతున్నట్టు నటించడం, పట్టీలు బిగిస్తుంటే ఊపిరి బిగబట్టడం, విమానం వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అక్కని ఒకసారి చూడటం, ఇవి గాల్లో కెమెరామన్‌కి దొరకవు. మీ ఏ6000కి ఆ 16-50 జూమ్ తగిలించేది ఇక్కడ. దిగే చోట ఎక్కడ నిలబడవచ్చో స్టాఫ్‌ని అడిగి, ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. కాళ్లు నేలకు తాకిన మొదటి అయిదు సెకన్లు వేలు తీయకుండా తీయండి. మీ ఆవిడని మీ పక్కనే నిలబెట్టుకోండి, అతను లేచి మొదట చూసేది ఆమె వైపే.